సీమ సుంకేసుల: మన వాకిట్లోని ఎర్ర చెట్టు కథ

మన ఇంట్లో ఒకే చెట్టుకు నాలుగు పేర్లు ఉన్నాయి. జేజి దాన్ని సీమ సుంకేసుల అనేది. నాయన తరం వాళ్ళు తురాయి చెట్టు అంటారు. కన్నడ బడిలో చదివిన మేము కత్తికాయి మర అన్నాము, ఎందుకంటే బడి విడిచినాక దాని ఎండుకాయలే మాకు కత్తులు. ఇప్పటి పిల్లలకు అది గుల్‌మొహర్, లేకపోతే మే ఫ్లవర్.

ఈ కథ ఇప్పుడు ఎందుకంటే, కోలారు జిల్లాలో మన ఊరి ఇంటి ముందర ఉన్న ఆ చెట్టు గురించి ఇంటివాళ్ళందరం కలిసి ఒక తీర్మానానికి రావాల. మొదలు దగ్గర నేల లేచింది. ప్రహరీ గోడ పగులు విచ్చింది. ఒక పెద్ద కొమ్మ కరెంటు తీగె మీదికి వాలింది. కొట్టేద్దామని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. పోయిన సంక్రాంతికి అందరం కూర్చున్నప్పుడు "అది తాతల నాటి చెట్టు" అన్న మాట దగ్గర వాదన ఆగిపోయింది. తాతలు దాన్ని ఎందుకు నాటినారు, అది యాడనుంచి వచ్చింది, ఇన్నేండ్లూ ఏమి ఇచ్చింది, ఏమి తీసుకుంది అని తెలిసినాక మాట్లాడుకుంటే మేలని ఇది రాస్తున్నాము.

పేరులోనే సగం చరిత్ర

సముద్రం దాటి వచ్చిన వస్తువుకు ముందర "సీమ" అని తగిలించడం మన తెలుగువాళ్ళకు పాత అలవాటు. సీమచింత అట్లా వచ్చిన పేరే. కన్నడలోనూ ఇదే పద్ధతి: కిరోసిన్ సీమె ఎణ్ణె, మనం పప్పులో వేసుకునే చౌచౌ సీమె బదనెకాయి. లాల్‌బాగ్ తోటకు అధికారిగా ఉన్న జాన్ కామెరాన్ ఆ కాయను ఇక్కడికి తెచ్చినాడని చెబుతారు. తమాషా ఏమంటే, అదే కాయ ఆంధ్రాకు పోతే బెంగుళూరు వంకాయ అయింది. ఎవరికి ఏ దిక్కునుంచి చేరితే వాళ్ళు ఆ దిక్కు పేరు పెట్టుకున్నారు.

సరే, సీమ సుంకేసుల అనాలంటే ముందుగా మన నేల సుంకేసుల ఒకటి ఉండాల కదా. ఉంది. రాయలసీమ, కోలారు, తమిళనాడు మెట్ట భూముల్లో పెరిగే చిన్న చెట్టు అది. పూలు మొదట తెల్లగా పూచి, తరువాత పసుపు పచ్చకు తిరుగుతాయి. ఆకు తురాయి ఆకు మాదిరే, ఇంకా చిన్నది. దీనికి వాతనారాయణ అని ఇంకో పేరు కూడా ఉంది. కీళ్ళ నొప్పులకు దీని ఆకు వేసి కాచిన నీళ్ళు పోసుకోవడం పెద్దవాళ్ళ వాడుక. పేరులో "వాతం" అందుకే కూర్చుంది. ఎర్ర చెట్టు దీనికి దగ్గరి చుట్టం. రెండూ డెలోనిక్స్ అనే ఒకే జాతి కింద వస్తాయి. పుస్తకాలు చదవని మన ముసలివాళ్ళు ఆకునూ కాయనూ చూసి, "ఇది మన సుంకేసులకు సీమ తోబుట్టువు" అని సరిగ్గా పట్టినారు.

కన్నడలో దీనికి దొడ్డ రత్నగంధి అనే పేరు కూడా ఉంది. రత్నగంధి అంటే మన పెరళ్ళలో ఎరుపు, పసుపు కలిసిన పూలు పూచే గుబురు మొక్క. ఆ మొక్కకు శాస్త్రజ్ఞులు మొదట పెట్టిన పేరు పాయిన్సియానా. కరీబియన్ దీవుల్లో సెయింట్ కిట్స్‌ను 17వ శతాబ్దంలో పాలించిన డి పాయిన్సీ అనే ఫ్రెంచి గవర్నరు పేరు అది. తరువాత మన ఎర్ర చెట్టు వాళ్ళ కంట పడినప్పుడు దాన్ని పాయిన్సియానా రీజియా అన్నారు. రాజ రత్నగంధి అన్నమాట. కన్నడ రైతు దొడ్డ రత్నగంధి అన్నదీ, యూరోపు పండితుడు రాజ రత్నగంధి అన్నదీ ఒకే చూపు.

తురాయి అంటే తలపాగా మీద రాజులు చెక్కుకునే కుచ్చు. పూవును చేతిలో పెట్టుకుని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నాలుగు రేకలు ఎర్రగా గరిటె మాదిరి విచ్చుకుంటాయి. ఐదోది మాత్రం తెల్లటి మచ్చలతో నిలువుగా లేచి నిలబడుతుంది.

మడగాస్కర్ నుంచి మన వాకిటికి

ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. మారిషస్‌లో ఉండిన వెంజెల్ బోయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ దీవి తూర్పు తీరంలో దీన్ని చూసినాడు. ఆయన ఇచ్చిన వివరాలతో 1829లో లండన్‌లోని కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్‌లో దీని బొమ్మా వర్ణనా అచ్చయినాయి. డెలోనిక్స్ అనే ఇప్పటి పేరు తరువాత వచ్చింది. తూర్పు తీరంలో ఆయన చూసింది మనుషులు నాటుకున్న చెట్టు. అది తనంతట తాను పెరిగే చోటు దీవికి పడమర, ఉత్తరాన ఉన్న ఎండు అడవులు, సున్నపురాతి నేలలు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. కింద మళ్ళీ అవసరం వస్తుంది.

మారిషస్ ఆ కాలంలో ఓడలు ఆగే రేవు. అక్కడినుంచి విత్తనాలు నాలుగు దిక్కులకూ పోయినాయి. విత్తనం గట్టిది, పెంకు మందం, నెలల కొద్దీ ఓడలో ఉన్నా చెడదు. మన దేశానికి 19వ శతాబ్దం మధ్యకల్లా చేరిపోయింది. ఇంత అందమైన చెట్టు విత్తనం నుంచి సులువుగా మొలిచి, నాలుగైదు ఏండ్లకే పూతకొస్తే ఏ తోటమాలి వద్దంటాడు? వందేండ్లలోపల దేశమంతా పాకింది. బెంగాలీలు కృష్ణచూడ అన్నారు. ఎవరి భాషలో వాళ్ళు పేరు పెట్టుకుని సొంతం చేసుకున్నారు.

బెంగుళూరు చెట్లు, మన గుండుతోపులు

మైసూరు సీమలో చెట్లు నాటడం దొరలతో మొదలు కాలేదు. ఊరి బయట గుండుతోపు అని ఒకటి ఉండేది. చింత, మామిడి, పనస, కానుగ, నేరేడు కలిసిన ఉమ్మడి తోపు. బాట వెంబడి సాలుమరాలు: మర్రి, రావి, వేప, చింత. ఆ చెట్లను ఎంచుకున్న లెక్క సులువైనది. నీడ ఇవ్వాల, కాయో నూనో ఆకో ఇవ్వాల, తరాల కొద్దీ నిలబడాల. మన కాలంలో కూడా హులికల్లు, కుదూరు మధ్య 385 మర్రిచెట్లు పెంచిన సాలుమరద తిమ్మక్కకు ఆ పేరు వచ్చింది ఆ సంప్రదాయం నుంచే.

బెంగుళూరు లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టినాడు. 1856లో అది ప్రభుత్వ సస్యోద్యానం అయింది. 1874 నుంచి కామెరాన్, 1908 నుంచి జర్మనీ వాడైన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ దాన్ని చూసుకున్నారు. క్రుంబీగల్ పుట్టింది డ్రెస్డెన్ దగ్గర, పని నేర్చింది లండన్ క్యూ తోటలో, బరోడా సంస్థానంలో కొలువు చేసి ఇక్కడికి వచ్చి, 1956లో ఈ ఊరిలోనే కన్నుమూసినాడు. బెంగుళూరు వీధుల్లో ఒక చెట్టు పూత రాలిపోయే వేళకు ఇంకో చెట్టు పూయాల, సంవత్సరమంతా ఏదో ఒక రంగు ఉండాల అన్నది ఆయన ఆలోచన. జకరండా నీలం అయిపోతుండగా తురాయి ఎరుపు వస్తుంది చూడండి, ఆ వరస ఊరికే కుదిరింది కాదు.

ఇక్కడ జరిగిన మార్పును మన కుటుంబ చరిత్రలో కూడా చూడొచ్చు. పాత చెట్లను "ఇది ఏమి ఇస్తుంది" అని అడిగి నాటినారు. కొత్త చెట్లను "ఇది ఎట్లా కనిపిస్తుంది" అని అడిగి నాటినారు. అది తప్పని మేము అనడం లేదు. వెడల్పు రోడ్లు, పెద్ద కాంపౌండ్లు, మట్టి నేల ఉన్న ఊరిలో కళ్ళకు పండగ కావాలనుకోవడం న్యాయమే. బెంగుళూరు చూసి వచ్చినవాళ్ళు తమ ఊరి బడి ముందర, ఆసుపత్రి ముందర, ఇంటి ముందర అదే చెట్టు నాటినారు. మన తాత కూడా పట్నంలో కొలువు చేసి వచ్చినాకనే ఇది నాటినాడని ఇంట్లో మాట. జేజికి మాత్రం ఆ తావులో కానుగ ఉండాలని ఉండేది.

అది ఇచ్చింది

మొదట నీడ. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాల్చి, ఎండ ముదిరేసరికి గొడుగు పట్టినట్టు పూస్తుంది. కొమ్మలు అడ్డంగా పరుచుకుంటాయి కాబట్టి తక్కువ ఎత్తులోనే ఎక్కువ చోటు కప్పుతుంది. మన ఇంట్లో రెండు పెండ్లి చప్పరాలు ఆ నీడకు ఆనించి వేసినవే.

రెండోది పొయ్యి. కట్టె మెత్తన, సామానుకు పనికిరాదు, చెదలు పడుతుంది. ఎండుకాయలు మాత్రం బాగా మండుతాయి. మూరెడు పొడవు, రెండు మూడు వేళ్ళ వెడల్పు, చెక్క మాదిరి గట్టివి. బచ్చలింట్లో హండె కింద అవి వేసి నీళ్ళు కాచిన ఇండ్లు మన వైపు చానా ఉన్నాయి.

మూడోది పిల్లల ఆట. మొగ్గ విప్పి కేసరాలు తీసి, ఒకదాని తల ఇంకోదానికి తగిలించి లాగడం. ఎవరి కేసరం తల తెగితే వాళ్ళు ఓడినట్టు. తెలుగులో కోడిపందెం అన్నాము, బడిలో కోళి జగళ అన్నాము, ఆట ఒకటే. మొగ్గ పైపొరలను గోళ్ళకు అంటించుకుని దయ్యం వేషం వేసేది. మచ్చల రేక నమిలితే పుల్లగా ఉండేది. ఎండుకాయ ఊపితే గలగల. కరీబియన్ దీవుల్లో ఆ కాయనే వాయిద్యంగా ఊపుతారు. తేనెటీగలకు ఎండాకాలంలో దొరికే మేతల్లో ఇదీ ఒకటి. విత్తనాలకు బెజ్జం పెట్టి దండలు గుచ్చేవాళ్ళూ ఉన్నారు.

అది తీసుకున్నది

మాలో ఇది రాస్తున్న చెయ్యి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉంది. ఆ పనిలో ఒక వస్తువు బాగున్నప్పుడు ఎంత బాగుంటుందో చూస్తే చాలదు, ఏ పరిస్థితిలో విరుగుతుందో వెదకాల. తురాయిని అట్లా చూస్తే నాలుగు సంగతులు తేలుతాయి.

ఒకటి, వేర్లు. ఇవి లోతుకు పోవడం తక్కువ, నేల పైపైన దూరం పాకడం ఎక్కువ. ముదిరిన చెట్టు మొదట్లో పలకల మాదిరి పైకి లేస్తాయి. పుట్టింటి సున్నపురాతి నేలలో అదే దాని బలం. చుట్టూ మట్టి వదిలిపెడితే ఇక్కడ కూడా బాగానే నిలబడుతుంది. సిమెంటు వాకిలి, మోరీ, పునాది మధ్య పెడితే గోడను ఎత్తుతుంది. మనం గోడ కోసం వేరు కోస్తే చెట్టు నిలకడ పోతుంది. ఎటు చేసినా ఒకటి నష్టం.

రెండు, కొమ్మ. కట్టె పెళుసు. చెట్టు కొత్త ఆకుతో, పూతతో బరువెక్కేది ఏప్రిల్, మే నెలల్లో. గాలీ వడగండ్లతో మామిడి జల్లులు పడేది సరిగ్గా అప్పుడే. 2014 అక్టోబరులో విశాఖపట్నంలో హుద్‌హుద్ తుఫాను, 2016 డిసెంబరులో చెన్నైలో వర్ధా తుఫాను వచ్చినప్పుడు కూలిన చెట్లలో తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు చానా ఉన్నాయి. మన కోలారులో అంత గాలి రాదు. అయితే ముసలి చెట్టుకు అంత గాలి అక్కరలేదు.

మూడు, ఆయుస్సు. మర్రి, చింత తరాలు చూస్తాయి. తురాయి యాభై అరవై ఏండ్లకు ముసలిదవుతుంది. మొదట్లో బూజు కుక్కగొడుగులు రావడం, కాండంలో పురుగు తొలవడం ఆ వయసు గుర్తులు. లోపల బోలుగా ఉన్నా పైన పూత మాత్రం ఆగదు. అందుకే మనం మోసపోతాము.

నాలుగు, దాని కింద నేల. నీడా, పైపై వేర్లూ, రాలే ఆకు రసమూ కలిసి గడ్డీ చిన్న మొక్కలూ రానివ్వవు. కాయలు నెలల కొద్దీ చెట్టుకే వేలాడి, వాన పడినప్పుడు చిన్న ఆకుతో కలిసి మోరీ మూస్తాయి. పాత చెట్లు నాలుగు రకాల పక్షులకు పండ్లు పెట్టేవి. దీని గట్టికాయలో పక్షికి తినేది ఏమీ లేదు.

బెంగుళూరులో 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నేగినహాళ్ ఆధ్వర్యంలో 15 లక్షల దాకా మొక్కలు నాటినారు. అప్పటినుంచి ఈ చర్చ జరుగుతూనే ఉంది: ఏ వీధికి ఏ చెట్టు, అందం ఎంత, భద్రత ఎంత అని. మన ఇంటి చర్చ ఆ పెద్ద చర్చలో ఒక చిన్న ముక్క.

వలస చెట్టు, వలస మనుషులు

చెట్టు ఉండాలనే పక్షం వాళ్ళు ఒక మాట అంటారు: "మనమూ వలస వచ్చినవాళ్ళమే. అదీ వలస వచ్చిందే. మనం దాన్ని పరాయిది అనడమేమి?" మనసుకు తగిలే మాట. ఏడు తరాలుగా కన్నడ నేలలో ఉండి, బడిలో కన్నడం, వంటింట్లో తెలుగు మాట్లాడే మనకు తగలక ఏమవుతుంది.

అయినా కొంచెం నిలబెట్టి చూస్తే, ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. మనవాళ్ళు వచ్చినాక ఈ నేల భాష నేర్చినారు, ఈ చెరువుల పూడిక తీసినారు, ఇక్కడి జాతర్లలో తేరు లాగినారు. ఉండే పద్ధతి మార్చుకున్నారు కాబట్టి ఈ ఊరివాళ్ళు అయినారు. చెట్టు అట్లా మారలేదు. దాన్ని యాడ పెట్టాల, ఎంత చోటు ఇయ్యాల అనేది మన చేతిలోని పని. చోటు చాలని దగ్గర నాటి, అది పడినప్పుడు పరాయి చెట్టని తిట్టడం ఎంత అన్యాయమో, మన కథను దాని మీద రుద్ది పడబోయే చెట్టు కింద పిల్లల్ని ఆడుకోనియ్యడం అంత అన్యాయం.

ఇంకో సంగతి. వలస చెట్టును గౌరవించే మాటల్లో మన ఊరి సుంకేసులను మనమే మరిచిపోయినాము. జేజికి తెలిసిన వాతనారాయణ చెట్టును ఇప్పుడు మన పిల్లల్లో ఒక్కరు గుర్తుపట్టలేరు. పేరులో ముందర "సీమ" మిగిలింది, వెనుకనున్న సుంకేసుల పోయింది.

ఇప్పుడు ఏమి చేద్దాం

మేము అనుకుంటున్నది ఇది. మొదట, చెట్టు తెలిసినవాళ్ళతో మొదలు, కాండం తట్టి చూపించాల. వేరు కుళ్ళి, లోపల బోలు అయి ఉంటే దాన్ని ఉంచే హక్కు మనకు లేదు, ఎందుకంటే ఆ కొమ్మ కింద నడిచేది మనం ఒక్కరమే కాదు, పక్కింటి వాళ్ళూ ఉన్నారు. కాండం గట్టిగా ఉంటే తీగె వైపు కొమ్మ మాత్రం తీయించి, మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టి మట్టి వదలాల. ఏది చేసినా 1976 నాటి కర్నాటక చెట్ల రక్షణ చట్టం ఉంది, అనుమతి అడిగే చేయాల. రాత్రికి రాత్రి గొడ్డలి పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

రెండు, చెట్టు పోయినా ఉన్నా వాకిట్లో కొత్తగా నాటేది కానుగ కావాల. ఉగాది వేళకు కొత్త ఆకుతో నీడ పడుతుంది, గింజ నుంచి నూనె వస్తుంది, ఆకు పొలానికి ఎరువు అవుతుంది. ఇన్నేండ్ల తరువాత జేజి మాట నెగ్గినట్టూ అవుతుంది. ప్రహరీకి దూరంగా పెరటి మూల ఒక వాతనారాయణ. దాని కొమ్మ నాటినా చిగురిస్తుంది.

మూడు, ఎర్ర చెట్టును వంశం లేకుండా చేయొద్దు. ఈ ఏడు కాయల నుంచి విత్తనాలు తీసి పెట్టినాము. పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళలో పోసి రాత్రంతా నాననిచ్చి నాటాల. చెరువు కట్టకు ఈవల మన పొలం గట్టున ఇండ్లూ తీగెలూ లేవు. అక్కడ దానికి కావలసినంత చోటు ఉంది, ఎంతైనా పూయనీ.

చెట్టు నీడలో పెండ్లి చేసుకున్న అత్తలు, కోడిపందేలు ఆడిన అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు మీ మాట ఉగాది లోపల చెప్పండి. హొసూరు, చిత్తూరు, బళ్ళారి వైపు ఉన్న చుట్టాలు మీ ఇండ్లల్లో ఈ చెట్టును ఏమని పిలుస్తారో కూడా తెలపండి. మన దగ్గర నాలుగు పేర్లున్నాయి, ఐదోది ఉంటే రాసి పెట్టుకుందాము.